కంప్యూటర్ల నామకరణం

మన పల్లెలలో సుబ్బారావులు ఊరికి నలుగురైదుగురు ఉంటారు. కార్డు మీద వట్టి సుబ్బారావు అని మాత్రమే వ్రాసి ఉంటే పోస్టుమాను కాసేపు ఆలోచించవలసి వస్తుంది. ఇంటిపేరు కూడా ఉంటే సందేహం సగం తీరుతుంది. వీధి, ఊరు, జిల్లా ఉంటే పూర్తిగా తీరుతుంది. అయితే కార్డు మీద పేరు ఎంత తప్పుగా ఉన్నా పోస్టుమాను మాత్రం స్పృహ తప్పి పడిపోడు. ఎదురింటివారిని అడుగుతాడు; లేదా కార్డును వెనక్కు పంపిస్తాడు. కంప్యూటరు ప్రోగ్రాములకు ఆ నిబ్బరం పుట్టుకతో రాదు. ఎదురుచూడని పేరు ఎదురైనప్పుడు ఏం చేయాలో వ్రాసినవాడు ముందుగా చెప్పి ఉండకపోతే, అవి ఉన్నపళంగా కూలిపోతాయి.

కొన్నేళ్ల క్రిందట మా కళాశాల భౌతికశాస్త్ర ప్రయోగశాలలో ఇట్టి సంఘటన ఒకటి జరిగింది. లోలకం డోలనాలను లెక్కించి రేఖాపటం గీసే ప్రోగ్రాము ఒకటి ఇరవై కంప్యూటర్లలో ఉండేది. ఒకనాటి ఉదయం అది పందొమ్మిదింటిలో చక్కగా పనిచేసి, ఇరవయ్యోదానిలో మాత్రం తెరుచుకున్న మరుక్షణమే మూసుకుపోయింది. వైరస్సు పట్టిందని కొందరు, మెమొరీ చెడిందని కొందరు అన్నారు. ప్రోగ్రామును తీసివేసి రెండుసార్లు మళ్లీ ఎక్కించాము. ప్రయోజనం లేకపోయింది. మూడో నాడు ఒక విద్యార్థి మెల్లగా దగ్గరకు వచ్చి, ఆ కంప్యూటరు పేరును తాను తెలుగు అక్షరాలలో "ధ్రువ" అని మార్చానని చెప్పాడు. పేరును తిరిగి ఇంగ్లీషు లిపిలోకి మార్చగానే ప్రోగ్రాము ఎప్పటివలె పనిచేసింది. కుర్రవాడు నేరం చేసినవాడివలె తల వంచుకుని నిలబడ్డాడు.

నేరం ఎవరిది? యంత్రానికి సొంత భాషలో పేరు పెట్టుకున్నవానిదా? ఆ పేరును చూడగానే కూలిన ప్రోగ్రాముదా? పేర్లు ఇట్లాగే ఉండాలని ఎప్పుడో నియమం చేసినవారిదా? న్యాయంగా జవాబు చెప్పాలంటే యంత్రాలకు పేర్లు ఎట్లా వచ్చాయో కొంత తెలుసుకోవాలి.

మొదటి సందేశం, మొదటి పతనం

దూరదూరాన ఉన్న కంప్యూటర్లను కలిపిన ఆర్పానెట్ అనే నెట్‌వర్కులో మొదటి సందేశం 1969 అక్టోబరు 29 రాత్రి పది గంటలు దాటిన తర్వాత వెళ్లింది. పంపినచోటు లాస్ ఏంజెలిస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో ఆచార్య లెనార్డ్ క్లైన్‌రాక్ ప్రయోగశాల. అందుకొన్నది సుమారు 560 కిలోమీటర్ల దూరాన ఉన్న స్టాన్‌ఫర్డ్ పరిశోధనా సంస్థ. ఈ చివర చార్లీ క్లైన్ అనే విద్యార్థి, ఆ చివర బిల్ డువాల్ అనే ప్రోగ్రామరు కూర్చున్నారు. అక్షరాలు చేరుతున్నదీ లేనిదీ ఇద్దరూ టెలిఫోనులో చెప్పుకొంటున్నారు. పంపదలచిన మాట "లాగిన్". ఇంగ్లీషు లిపిలో అది అయిదక్షరాలు. మొదటి అక్షరం ఎల్ చేరింది. రెండోది ఓ చేరింది. మూడోది జి పంపగానే స్టాన్‌ఫర్డ్ యంత్రం కూలిపోయింది.

కారణం చాలా చిన్నది. స్టాన్‌ఫర్డ్ యంత్రానికి ఒక తెలివి ఉండేది. వాడుకరి మొదటి మూడక్షరాలు కొట్టగానే మాట ఏదో అది గ్రహించి, మిగిలిన అక్షరాలను తానే పూరించి తిరిగి పంపేది. ఇవతల నుండి ఒక్కొక్క అక్షరమే వెళ్లేది. అవతల నుండి మాత్రం ఒక్కసారిగా మూడు అక్షరాలు రాబోయాయి. నెట్‌వర్కు కోసం వ్రాసిన ప్రోగ్రాములో ఒక్క అక్షరానికే చోటు ఉంచారు. చోటు చాలక ప్రోగ్రాము పడిపోయింది. డువాల్ ఆ చోటును పెంచిన తర్వాత, సుమారు గంటకు, అంతా సవ్యంగా సాగింది.

కంప్యూటర్ల మధ్య మాటలు కలిసిన మొదటి రాత్రే ప్రోగ్రాము కూలడమూ జరిగింది. యంత్రం చెడలేదు, తీగ తెగలేదు. వచ్చేది ఇంతకు మించి ఉండదనే ఒక ఊహ తప్పింది. ఇకముందు చెప్పబోయే కథలన్నిటిలోనూ ఈ ఊహే వేరువేరు వేషాలలో కనబడుతుంది.

అంకెల నుండి పేర్లకు

ఆర్పానెట్‌లో మొదట యంత్రాలను అంకెలతో గుర్తించేవారు. లాస్ ఏంజెలిస్ స్థానం 1, స్టాన్‌ఫర్డ్ 2, శాంటా బార్బరా 3, యూటా 4. చిరునామాకు కేటాయించినవి 8 బిట్లు. అందులో 6 బిట్లు సందేశాలను చేరవేసే మధ్యవర్తి యంత్రానికి, 2 బిట్లు దానికి తగిలించిన కంప్యూటరుకు. అనగా 64 మధ్యవర్తులు, ఒక్కొక్కదానికి 4 కంప్యూటర్లు. మొత్తం 256కు మించి చోటు లేదు. అప్పటికి అదే విశాలమని తోచింది.

మనుష్యులకు అంకెలకంటె పేర్లు బాగా గుర్తుంటాయి. కనుక ఎవరి చోట వారు తమకు తోచిన పేర్లతో ఒక జాబితా వ్రాసుకొన్నారు. దానితో ఒకే యంత్రానికి ఒకచోట ఒక పేరు, మరొకచోట మరొక పేరు వచ్చింది. 1971 సెప్టెంబరులో మైటర్ సంస్థకు చెందిన పెగ్గీ కార్ప్ ఈ పేర్లను ఏకరూపం చేయాలని ఒక పత్రం వెలువరించారు. నెట్‌వర్కు నిర్మాతలు తమ ప్రతిపాదనలను "అభిప్రాయాలు కోరే పత్రాలు" అనే పేరుతో వరుస సంఖ్యలు వేసి పంచుకొనేవారు. వాటిలో ఇది 226వది. 1973 డిసెంబరులో పీటర్ డాయిష్ 606వ పత్రంలో ఇంకొక అడుగు ముందుకు వేసి, అధికారికమైన జాబితా ఒకటే ఉండాలని, దానిని యంత్రాలే చదువుకోగల ఫైలుగా ఒకచోట నిలువ ఉంచాలని కోరారు. మరుసటి నెలలోనే 608వ పత్రం ద్వారా స్టాన్‌ఫర్డ్ పరిశోధనా సంస్థలోని నెట్‌వర్కు సమాచార కేంద్రం ఆ బాధ్యతను స్వీకరించింది.

ఆ కేంద్రాన్ని చాలాకాలం నడిపినామె ఎలిజబెత్ ఫైన్లర్. చదివినది రసాయనశాస్త్రం, చేసినది ప్రపంచంలో మొట్టమొదటి యంత్రనామాల రిజిస్ట్రారు ఉద్యోగం. క్రొత్త కంప్యూటరు పెట్టుకొన్నవారు ఆమె కార్యాలయానికి తెలియజేస్తే, సిబ్బంది ఆ పేరు మరెవరికీ లేదని చూసి, పట్టికలో ఒక పంక్తి చేర్చేవారు. తక్కిన కంప్యూటర్లు అప్పుడప్పుడు ఆ పట్టికను తెచ్చుకొని తమవద్ద నకలు ఉంచుకొనేవి. ఆ ఫైలు పేరు "హోస్ట్స్". నేటికీ విండోస్, లినక్స్ కంప్యూటర్లన్నిటిలో ఆ పేరుగల చిన్న ఫైలు ఒక మూల ఉంటుంది. మన ఇళ్లలో తాతలనాటి భోషాణం వలె దానిని ఎవరూ తరచు తెరవరు. తెరవవలసిన అవసరం ఎప్పుడు వస్తుందో ముందు చెబుతాను.

ఒక్క పట్టిక మోయలేని బరువు

ఏ పేర్లు చెల్లుతాయో కూడా నిర్ణయించవలసి వచ్చింది. 1985 అక్టోబరులో వెలువడిన 952వ పత్రం ప్రకారం పేరులో ఇంగ్లీషు అక్షరాలు, అంకెలు, అడ్డగీత, చుక్క మాత్రమే ఉండవచ్చును. పొడవు 24 అక్షరాలు మించరాదు. మొదటిది అక్షరమే కావాలి, అంకె కారాదు. ఒంటి అక్షరం పేరు చెల్లదు. నాలుగేళ్లకే, 1989 అక్టోబరులో, 1123వ పత్రం ఈ పట్టును సడలించింది. అంకెతో మొదలయ్యే పేరును ప్రోగ్రాములు ఒప్పుకోవాలని, 63 అక్షరాల వరకు తప్పక ఓర్చుకోవాలని చెప్పింది. అయితే పాత నియమాన్ని నమ్ముకొని అప్పటికే వ్రాసిన ప్రోగ్రాములు ఎన్నో ఉన్నాయి. నియమం కాగితం మీద ఒక్క రోజులో మారుతుంది. లోకంలో నడుస్తున్న ప్రోగ్రాములలో మారడానికి ఏళ్లు పడుతుంది.

ఇంతలో పట్టికకే ప్రమాదం వచ్చింది. 1981 ఆగస్టులో నెట్‌వర్కులో ఉన్న కంప్యూటర్లు 213. 1985 అక్టోబరు నాటికి అవి 1,961. ఈ లెక్కను విద్యార్థుల చేత వేయించవచ్చును. ప్రతి కంప్యూటరుకు పట్టికలో ఒక పంక్తి ఉన్నదనుకొందాం. ప్రతి కంప్యూటరూ మొత్తం పట్టికను ఒకసారి తెచ్చుకొంటే, 1981లో ప్రయాణించే పంక్తులు 213 × 213, అనగా 45,369. 1985లో అయితే 1,961 × 1,961, అనగా 38,45,521. కంప్యూటర్లు సుమారు తొమ్మిది రెట్లు పెరిగితే మోత సుమారు ఎనభైఅయిదు రెట్లు పెరిగింది. పెరుగుదల సంఖ్యను బట్టి కాక సంఖ్య వర్గాన్ని బట్టి సాగుతున్నది. పైగా పట్టిక చేరేలోపలే అందులోని సంగతులు కొన్ని పాతబడేవి. ఒకచోట క్రొత్త పట్టిక, మరొకచోట పాత పట్టిక ఉంటే ఒకే పేరు రెండు దిక్కులకు దారి చూపేది.

ఇంటిపేర్ల ఏర్పాటు

ఈ చిక్కును విప్పినవాడు దక్షిణ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలోని పాల్ మొకపెట్రిస్. అప్పటికే ఉన్న పలు ప్రతిపాదనలను కలిపి ఒకటిగా చేయమని జాన్ పోస్టెల్ ఆయనను కోరారు. మొకపెట్రిస్ వాటిని ప్రక్కకు పెట్టి తానే ఒక ఏర్పాటును రూపొందించి, 1983 నవంబరులో 882, 883 సంఖ్యల పత్రాలుగా ప్రకటించారు. దానినే డొమైన్ నేమ్ సిస్టమ్, క్లుప్తంగా డి.ఎన్.ఎస్. అంటున్నాము.

అందులోని కీలకం మన కార్డు మీది చిరునామాలో ఉన్నదే. మనిషి పేరు, ఊరు, జిల్లా, రాష్ట్రం. ఏ జిల్లా సంగతి ఆ జిల్లాకే తెలిస్తే చాలును; ఊళ్లోని సుబ్బారావులందరి జాబితా ఢిల్లీలో ఉండనక్కరలేదు. ఒక పేరు కావలసిన యంత్రం మొదట శిఖరాన ఉన్న సర్వరును అడుగుతుంది. అది ఫలానా శాఖను అడగమంటుంది. ఆ శాఖ ఇంకొక మెట్టు క్రిందికి పంపుతుంది. వచ్చిన జవాబును కొంత గడువు వరకు దగ్గర ఉంచుకొంటారు కనుక ప్రతిసారీ అడగవలసిన పని లేదు. కామ్, ఎడు, గవ్ వంటి పై శాఖలు 1985లో వాడుకలోకి వచ్చాయి. మన దేశానికి గుర్తు అయిన ఇన్ అనే శాఖ 1989లో ఏర్పడింది.

ఇక్కడ తెలుగువారికి ఆసక్తి కలిగించే విషయం ఒకటున్నది. మనం ఇంటిపేరు ముందు, సొంత పేరు తర్వాత చెబుతాము. డి.ఎన్.ఎస్.లో సొంత పేరు ముందు, ఇంటిపేరు చివర. బ్రిటన్ విశ్వవిద్యాలయాల నెట్‌వర్కు అయిన జానెట్ మన పద్ధతినే పాటించి, దేశాన్ని ముందు, విభాగాన్ని చివర వ్రాసేది. కంప్యూటర్ శాస్త్ర విభాగాలకు వారు వాడే గుర్తు "సి.ఎస్." అనే రెండక్షరాలు. చెకొస్లొవేకియా దేశానికి డి.ఎన్.ఎస్.లో ఇచ్చిన గుర్తు కూడా ఆ రెండక్షరాలే. దానితో బ్రిటన్‌లోని ఒక విభాగానికి వ్రాసిన ఉత్తరాన్ని చెకొస్లొవేకియాకు వ్రాసినదిగా యంత్రాలు పొరబడే చిక్కు వచ్చిపడింది. రెండు పద్ధతులూ మంచివే. రెండూ ఒకేసారి అమలులో ఉండడమే కీడు.

పదిహేనక్షరాల గది

పెద్ద నెట్‌వర్కులు ఇట్లా క్రమపడుతూ ఉండగా, చిన్న కార్యాలయాలలోని సొంత కంప్యూటర్లకు వేరొక ఆచారం పుట్టింది. ఐ.బి.ఎం. వారి పి.సి. నెట్‌వర్కు కోసం సైటెక్ అనే సంస్థ 1983 ప్రాంతంలో నెట్‌బయాస్ అనే ఏర్పాటును తయారుచేసింది. ఇందులో ఇంటిపేర్లు లేవు, సొంత పేర్లే. ఒక్కొక్క పేరుకు సరిగ్గా 16 స్థానాలు. మైక్రోసాఫ్ట్ వారు చివరి స్థానాన్ని, ఆ యంత్రం అందించే సేవ ఏదో తెలిపే గుర్తుకు వినియోగించారు. మిగిలినవి 15.

ఈ ఏర్పాటులో కంప్యూటరు మేల్కొనగానే తన పేరు చెప్పి, ఇది మరెవరికైనా ఉన్నదా అని నెట్‌వర్కంతా వినబడేటట్లు అడుగుతుంది. ఎవరూ పలకకపోతే ఆ పేరు దానిది. ఆ పేరు మరొకదానికి ఉంటే అది అభ్యంతరం చెబుతుంది. అప్పుడు రెండోదానికి పేరు దక్కదు. పేరు మీద ఆధారపడిన పనులన్నీ ఆగిపోతాయి.

పాఠశాలల ప్రయోగశాలలో ఈ చిక్కు తరచు రెండు విధాల వస్తుంది. ఒక కంప్యూటరును సిద్ధం చేసి, దాని డిస్కును తక్కిన వాటికి యథాతథంగా నకలు తీస్తే, అన్నిటికీ ఒకే పేరు వస్తుంది. ఇది తేలికగా కనబడే తప్పు. రెండోది అంత తేలికగా కనబడదు. ఫిజిక్స్ ల్యాబొరేటరీ అనే మాటలను ఇంగ్లీషు లిపిలో కలిపి వ్రాస్తే 17 అక్షరాలు. చివర 1, 2 అని అంకెలు చేర్చి రెండు యంత్రాలకు రెండు పేర్లు పెట్టామని మనం సంతోషిస్తాము. నెట్‌బయాస్ మొదటి 15 అక్షరాలనే తీసుకొంటుంది. తేడా చూపే అంకె 18వ స్థానంలో ఉన్నది! మనకు వేరుగా కనబడినవి దానికి ఒక్కటే. 2000 నుండి విండోస్ ప్రధానంగా డి.ఎన్.ఎస్.ను ఆశ్రయించినా, పాత ప్రోగ్రాముల కోసం ఈ పదిహేనక్షరాల గది ఇంకా నిలిచి ఉన్నది.

పేరు సరిగా పెట్టడం గురించి 1990 ఆగస్టులో డాన్ లిబ్స్ 1178వ పత్రం వ్రాశారు. నిత్యవ్యవహారంలో వేరే అర్థం గల మాటలను యంత్రానికి పెట్టవద్దని అందులో సలహా ఇచ్చారు. ఒకచోట ఒక యంత్రానికి "అప్" అని పేరు పెట్టారట. ఇంగ్లీషులో ఆ మాటకు పైకి అని అర్థం. పనిచేసే యంత్రాన్ని అప్ అని, ఆగినదాన్ని డౌన్ అని వ్యవహరిస్తారు. ఇక ఆ కార్యాలయంలో అప్ డౌన్‌లో ఉన్నదా అని ఒకరినొకరు అడుక్కొనే దుర్దశ పట్టింది.

"నేనెవరిని?" అనే ప్రశ్న

ప్రోగ్రాము కూలడానికి తరచు కారణమయ్యే ప్రశ్న వినడానికి వేదాంతంవలె ఉంటుంది. కంప్యూటరులో నడిచే అనేక ప్రోగ్రాములు మొదలవుతూనే నా యంత్రం పేరేమిటి, ఆ పేరుకు చిరునామా ఏమిటి అని రెండు ప్రశ్నలు వేస్తాయి. పేరు యంత్రంలోనే వ్రాసి ఉంటుంది. చిరునామా కోసం హోస్ట్స్ ఫైలునో, డి.ఎన్.ఎస్.నో వెదకాలి. యంత్రం పేరు మార్చి ఫైలులో మార్చడం మరచిపోతే, ఆ పేరు ఎవరికీ తెలియదు. తన పేరు తనకే తెలియని స్థితి అన్నమాట.

1983లో బర్క్‌లీ విశ్వవిద్యాలయం విడుదల చేసిన యూనిక్స్‌లో పేరును చిరునామాగా మార్చే ఒక సాధనం ఉన్నది. అది జవాబును మెమొరీలో ఒక సొరుగులో ఉంచి, ఆ సొరుగు సంఖ్య చెబుతుంది. జవాబు దొరకకపోతే సున్న చెబుతుంది. వివేకం గల ప్రోగ్రాము సున్న వచ్చిందా అని ముందు చూసుకొంటుంది. తొందరపాటు ప్రోగ్రాము నేరుగా సున్నవ సొరుగు తెరవబోతుంది. అట్టి సొరుగును తాకడం నిషేధం. ఆపరేటింగ్ సిస్టమ్ వెంటనే ఆ ప్రోగ్రామును ఆపివేస్తుంది. మన కంటికి కనబడేది తెరుచుకొని మూసుకుపోయిన కిటికీ మాత్రమే.

లినక్స్‌లో గ్నోమ్ అనే తెర ఏర్పాటు పూర్వం ఈ కారణం చేతనే మొరాయించి, యంత్రం పేరును హోస్ట్స్ ఫైలులో చేర్చమని హెచ్చరిక చూపేది. కంప్యూటరు తనను తాను పిలుచుకోవడానికి 127.0.0.1 అనే చిరునామా లోకమంతటా వాడుకలో ఉన్నది. స్థిరమైన చిరునామా లేని యంత్రాల పేరుకు డెబియన్ అనే లినక్స్ శాఖ 127.0.1.1 అని హోస్ట్స్ ఫైలులో ఒక పంక్తి వ్రాసిపెడుతుంది. పేరుకు ఏదో ఒక చిరునామా ఉంటే తప్ప కొన్ని ప్రోగ్రాములు నడవవు కనుక చేసిన ఉపాయం అది.

పద్నాలుగేళ్లు దాగిన దోషం

అన్నిటికంటె ఆలోచింపజేసే సంగతి 2015 జనవరి 27న బయటపడింది. లినక్స్ యంత్రాలలో విస్తారంగా వాడే గ్నూ సి లైబ్రరీలో, పేరును చిరునామాగా మార్చే భాగంలోనే ఒక దోషమున్నదని క్వాలిస్ అనే సంస్థ ప్రకటించింది. దానికి "ఘోస్ట్" అని పేరు వచ్చింది.

ఎవరైనా పేరుకు బదులు అంకెలు, చుక్కలు మాత్రమే ఇస్తే, అది అప్పటికే చిరునామా కనుక ఎవరినీ అడగనక్కరలేదని ఆ భాగం గ్రహిస్తుంది. శ్రమ తగ్గించే మంచి ఆలోచన. జవాబును నింపడానికి ఎంత చోటు కావాలో ముందుగా కూడుతుంది. ఆ కూడికలో ఒక్క అంశం మరచిపోయారు. దానితో చోటు 32 బిట్ల యంత్రాలలో 4 బైట్లు, 64 బిట్ల యంత్రాలలో 8 బైట్లు తక్కువపడింది. వెయ్యికి మించి అంకెలతో ఒక బూటకపు పేరు ఇస్తే చివరి బైట్లు పొరుగు సొరుగులోకి ఒలికేవి. ప్రోగ్రాము కూలడమే కాదు, నేర్పరి అయిన దుర్మార్గుడు దానిని లోబరచుకోవచ్చును కూడా. ఎగ్జిమ్ అనే తపాలా ప్రోగ్రాము మీద క్వాలిస్ వారు దీనిని నిరూపించారు.

దోషం లైబ్రరీలో ప్రవేశించినది 2000 నవంబరులో. 2013 మేలో ఎవరో దానిని సరిదిద్దారు కూడా. కాని అది మామూలు పొరపాటని భావించారు, అపాయకరమని గుర్తించలేదు. అందువల్ల పాత సంచికలను నమ్ముకొన్న ఎన్నో సర్వరులకు ఆ సవరణ చేరలేదు. తప్పును దిద్దడం ఎంత ముఖ్యమో, దిద్దినట్లు ప్రాముఖ్యంతో సహా అందరికీ చెప్పడం అంత ముఖ్యమని దీనివల్ల తెలిసింది.

మన లిపి, వారి ఊహ

వై-ఫై నెట్‌వర్కు పేరుకు గరిష్ఠ పరిమితి 32 బైట్లు. ఇంగ్లీషు అక్షరానికి ఒక బైటు చాలును. యూనికోడ్‌ను సాధారణంగా వ్రాసే పద్ధతిలో తెలుగు వర్ణానికి, పొల్లుకు, గుణింతపు గుర్తుకు ఒక్కొక్కదానికి 3 బైట్లు కావాలి. జ్ఞానం అనే మాటలో జ, పొల్లు, ఞ, దీర్ఘం, న, సున్న కలిసి ఆరు గుర్తులు, 18 బైట్లు. ఆ మాటను రెండుసార్లు వ్రాస్తే 36 అవుతుంది, పట్టదు. పరిమితిని అక్షరాలలో కాక బైట్లలో కొలవడం వల్ల మనకు వచ్చిన నష్టం ఇది.

2018 ఫిబ్రవరిలో "జ్ఞా" అనే మన అక్షరమే లోకమంతటా వార్తలకెక్కింది. జ, పొల్లు, ఞ, తర్వాత కంటికి కనబడని ఒక విభజన గుర్తు, ఆపైన దీర్ఘం అనే వరుసను తెరమీద చూపబోతే ఐఫోనులోని ప్రోగ్రాములు కూలిపోయేవి. ఆపిల్ సంస్థ ఫిబ్రవరి 19న సవరణ విడుదల చేసింది. పత్రికలు కొన్ని దానిని ప్రమాదకరమైన అక్షరమని వర్ణించాయి. అక్షరంలో ప్రమాదమేమీ లేదు. కోట్లమంది నిత్యం చదివే లిపిని పూర్తిగా పరీక్షించకపోవడంలో ఉన్నది. 2021లో ఇంగ్లీషు గుర్తులతోనే అట్టి చిక్కు వచ్చింది. శాతం గుర్తులు కొన్ని గల వై-ఫై పేరుకు తగులుకొన్న ఐఫోనులో వై-ఫై పనిచేయడం మానివేసేది. పేరులోని గుర్తులను ప్రోగ్రాము పేరుగా కాక తనకిచ్చిన ఆజ్ఞలుగా చదువుకొన్నది. 1969లో వలెనే ఇక్కడా తప్పినది యంత్రం కాదు, ఊహ.

డి.ఎన్.ఎస్. పరిధిలో ఈ కొరత తీర్చడానికి 2003లో ఒక మార్గం ఏర్పడింది. ఇతర లిపుల పేర్లను ఇంగ్లీషు అక్షరాల సంకేతంగా మార్చి పాత నియమాల మధ్యనే నడిపిస్తారు. 2011లో భారత్ అనే మాట తెలుగు లిపిలో కూడా పై శాఖగా ఆమోదం పొందింది.

దోషాన్ని వెదికే క్రమం

ఈ చరిత్రనుండి ప్రయోగశాలకు పనికివచ్చే క్రమం ఒకటి ఏర్పడుతుంది. దోషం అన్ని యంత్రాలలో ఉన్నదా, ఒకదానిలోనా అని మొదట చూడాలి. ఒకదానిలోనే అయితే దానికీ పొరుగుదానికీ తేడాలను కాగితం మీద వ్రాయాలి. యంత్రం పేరును కూడా ఆ తేడాలలో ఒకటిగా లెక్కించాలి. తర్వాత గమ్యాన్ని పేరుతోను, అంకెల చిరునామాతోను వేరువేరుగా పిలిచి చూడాలి. అంకెలతో పలికి పేరుతో పలకకపోతే త్రోవ మంచిదే, పట్టిక తప్పు. రెండింటికీ పలకకపోతే తీగనో, త్రోవనో అనుమానించాలి. ఆ యంత్రం తన పేరుకు తానే చిరునామా చెప్పగలదా అన్నది మూడో పరీక్ష. హోస్ట్స్ అనే భోషాణం తెరవవలసిన సమయం ఇదే. నెట్‌వర్కు తీగ తీసివేసి ప్రోగ్రామును నడిపితే, అది అవతలివారిని ఏమైనా అడుగుతూ చిక్కుపడుతున్నదా అనేది తేలుతుంది. గడువు తీరని పాత జవాబులు నిలువ ఉంటాయి కనుక, పేరు మార్చిన వెంటనే ఫలితం కనబడలేదని తొందరపడరాదు. అన్నిటికంటె ముఖ్యం, ఒకసారి ఒక్క మార్పే చేయాలి. రెండు మార్పులు కలిపి చేస్తే ఏది మందో, ఏది పథ్యమో తెలియదు.

పెద్ద సంస్థలు కూడా ఈ చిక్కులకు అతీతం కావు. 2021 అక్టోబరు 4న నెట్‌వర్కు నిర్వహణలో ఇచ్చిన ఒక ఆజ్ఞ వల్ల ఫేస్‌బుక్ పేర్లకు చిరునామా చెప్పే సర్వరులు లోకానికి అందకుండా పోయి, సుమారు ఆరు గంటలు దాని సేవలు నిలిచిపోయాయి. 2025 అక్టోబరు 20న అమెజాన్ వారి ఒక ముఖ్యమైన సేవకు సంబంధించిన పేరు పంక్తి, దానిని సవరించే రెండు ప్రోగ్రాములు ఒకదానితో ఒకటి పోటీపడడం వల్ల ఖాళీ అయిపోయింది. దానిపై ఆధారపడిన సేవలెన్నో ఆగాయి.

ఇక మా ప్రయోగశాల కుర్రవాని సంగతి. యంత్రానికి ధ్రువ అని పేరు పెట్టడంలో అతని తప్పు లేదు. ఏ పేరు వచ్చినా, దానిని ఒప్పుకోలేకపోతే ఒప్పుకోలేనని మర్యాదగా చెప్పి నిలబడడం ప్రోగ్రాము ధర్మం. ఆ పని చేయలేకపోవడం వ్రాసినవారి లోపం. తప్పంటూ ఉంటే అది మాలోనూ కొంత ఉన్నది. పేరు మార్చిన సంగతి మూడు రోజులు అతడు చెప్పలేదు, దండిస్తామని భయపడ్డాడు. ఆ మూడు రోజులు మేము వైరస్సును వెదికాము.

ఆ తర్వాత ప్రయోగశాల తలుపు ప్రక్క దారంతో కట్టిన ఒక నోటుపుస్తకం ఉంచాము. ఎవరు ఏ యంత్రంలో ఏం మార్చినా తేదీ వేసి వ్రాయాలి. వ్రాసినవారిని ఎవరూ మందలించరాదు. అందులో మొదటి పంక్తి ఆ కుర్రవాడే వ్రాశాడు. అర్ధ శతాబ్దం క్రిందట ఫైన్లర్ కార్యాలయం చేసిన పని కూడా ఇదే: ఏది మారిందో ఒకచోట వ్రాసి, అందరికీ తెలియజేయడం.